సిరియా ఇంజనీరుకు బార్కస్ చూపించిన ఆదివారం

డెబ్బైల చివర్లో నేను ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో టైపిస్టుగా చేరాను. మా ఇల్లు గౌలిపురలో. బాపు బర్రెలను పెట్టుకుని పాలు పోసేవాడు. మూసీ దాటి, నగరం అవతలి కొస దాకా ఆఫీసు బస్సులో వచ్చే ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో ఆఫీసులో నాకొక హోదా ఏర్పడింది. నన్ను "పాతబస్తీ అమ్మాయి" అనేవాళ్ళు. అటువైపు ఏం జరిగినా నన్నే అడగాలి. కర్ఫ్యూ ఎప్పుడు ఎత్తేస్తారు, అసలు ముత్యాలకు నకిలీ ముత్యాలకు తేడా ఏమిటి, షేర్వాణీ ఎవరు బాగా కుడతారు. మా ఇంట్లో ముత్యమూ లేదు, షేర్వాణీ వేసుకునేవాళ్ళూ లేరు. అయినా తోచింది చెప్పేదాన్ని. వాళ్ళు నమ్మేవాళ్ళు.

ఆ ఏడాది మా కర్మాగారానికి సిరియా నుంచి ఒక కుర్ర ఇంజనీరు శిక్షణకు వచ్చాడు. ఊరు హలబ్ అని చెప్పాడు. ఎర్రగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా కనిపించే మనిషి. గెస్ట్‌హౌస్ వంటవాడు పెట్టే సాంబారు, పచ్చిపులుసు, గోంగూర మూడూ అతనికి ఒకే రకం మంటగా తోచాయి. నెల తిరగకముందే బ్రెడ్డు, అరటిపళ్ళ మీద బతకడం మొదలుపెట్టాడు. ప్యాంటు నడుం దగ్గర బెల్టుకు కొత్త కన్నాలు పడ్డాయి.

అతని బాగోగులు చూసే బాధ్యత మా పర్సనెల్ ఆఫీసర్‌ది. ఆయన గుంటూరు వైపు మనిషి, చాలా మంచివాడు. మంచితనం ఎక్కువైతే ఎదుటివాడికి ఎంత ఇబ్బందో నాకు ఆయన్ని చూశాకే తెలిసింది. వచ్చేవాడు అరబ్బు అని వినగానే ఆయన గెస్ట్‌హౌస్ గది గోడ మీద పడమటి వైపుకు సుద్దతో బాణం గుర్తు గీయించాడు, నమాజుకు తికమక పడకూడదని. కొత్త చాప తెప్పించాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సెలవిచ్చాడు. అతను ప్రతిదానికీ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

"చూశారా, ఎంత భక్తో!" అని ఆఫీసర్ మా గదికి వచ్చి మరీ చెప్పాడు.

ఒక రోజు నన్ను పిలిచాడు. "ఏమ్మా, మీ వైపు అరబ్బులుంటారంట, నిజమేనా?"

"బార్కస్‌ల ఉంటరు సార్."

"అక్కడ సిరియా భోజనం దొరుకుద్దా?"

"వాళ్ళు యెమన్‌కెల్లి వచ్చినోళ్ళు సార్. వాళ్ళ తాతలు నిజాం ఫౌజుల పనిచేసిండ్రు."

ఆయన చెయ్యి ఊపేశాడు. "పక్కపక్కనే కదమ్మా రెండూ" అన్నాడు. తర్వాత ఎప్పుడో మ్యాపు చూశాను. గుంటూరుకీ ఢిల్లీకీ ఎంత దూరమో, ఆ పక్కపక్క దేశాల మధ్య అంతకన్నా ఎక్కువ.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. వచ్చే ఆదివారం ఉద్యోగులందరూ పాతబస్తీలో నడుస్తూ సిరియా దేశపు ఆహారాన్నీ సంస్కృతినీ తెలుసుకోవచ్చునని, మార్గదర్శి నేనేనని. నేను సిరియాను స్కూలు పుస్తకంలో కూడా సరిగ్గా చదవలేదు. చాలామంది వస్తామని పేర్లిచ్చారు. ఇంటికి వెళ్ళాక పాతబస్తీ అని తెలిసి వాళ్ళ ఇల్లాళ్ళు వద్దన్నట్టున్నారు. ఆదివారం పొద్దున చార్మినార్ దగ్గరికి వచ్చింది ముగ్గురు: ఆఫీసర్, ఇంజనీరు, మా డిస్పెన్సరీ నర్సమ్మ. ఆఫీసర్ కాచి చల్లార్చిన నీళ్ళ ఫ్లాస్కు, గొడుగు, చేతిసంచి తెచ్చుకున్నాడు. కాశీయాత్రకు బయలుదేరినట్టున్నాడు. నర్సమ్మ మలక్‌పేటలో ఉండే క్రైస్తవురాలు, ఆ రోజు ప్రార్థన మానుకుని వచ్చింది. అతిథికి ఏ తిండి పడకపోయినా తాను పక్కనుండాలని ఆమె పట్టుదల.

ముందు ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఆఫీసర్ కప్పు అతని ముందుకు జరిపి, "తీసుకోండి, ఇది మీ వైపు టీ" అన్నాడు ఇంగ్లీషులో.

అతను ఒక గుటక తాగి కప్పులోకి చూశాడు. "మా దగ్గర టీలో పాలు పోయరు" అన్నాడు మెల్లగా. ఆఫీసర్ ముఖం వాడిపోవడం చూసి, "కానీ కప్పు మాత్రం ఇలాంటిదే" అని కలిపాడు. ఆఫీసర్ తేరుకున్నాడు. సంస్కృతి పరిచయం మొదలైంది.

అక్కణ్ణుంచి అత్తరు దుకాణాల సందులోకి నడిచాం. అరబ్బు వచ్చాడని తెలిసి ఒక దుకాణందారు అతని రెండు చేతులకూ, చొక్కాకూ, ఆఖరికి ఆఫీసర్ గొడుగుక్కూడా అత్తరు పూశాడు. ఆ వాసన పట్టుకునే కాబోలు, తెల్ల పైజమా మనిషి ఒకడు మా వెనక పడ్డాడు. ఇంజనీరును వదిలేసి నా పక్కకు వచ్చి, ఉర్దూలో గొంతు తగ్గించి అడిగాడు: "షేక్ సాబ్ ఎన్ని రోజులుంటరు? మంచి ఖాందాన్ పిల్ల ఉంది. నికా చిటికెల అయిపోతది."

ఆ రోజుల్లో మా వైపు అందరికీ తెలిసిన సంగతే అది. గల్ఫ్ నుంచి ముసలి షేకులు దిగడం, పేదింటి పిల్లలను పెళ్ళి పేరుతో తీసుకుపోవడం, లేదా తీసుకుపోకుండానే వదిలేయడం. మా గల్లీ వెనక ఒక అమ్మాయికి అలాగే జరిగింది. నాకు ఒళ్ళు మండింది.

"షేక్ లేదు, గీక్ లేదు. ఫ్యాక్టరీల పని నేర్చుకుంటందుకు వచ్చిండు. ముందు నీ బిడ్డకు చెయ్యి, తర్వాత వేరేటోళ్ళ పిల్లల సంగతి చూద్దువు" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి సందులోకి మళ్ళిపోయాడు.

"ఏమంటున్నాడు?" అని ఇంజనీరు అడిగాడు.

"మా ఊరు నచ్చిందా అని అడుగుతున్నాడు" అన్నాను.

"చాలా నచ్చిందని చెప్పండి" అన్నాడు పాపం, వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపాడు.

శాలిబండ వైపు నడుస్తుంటే ఒక మందుల దుకాణం ముందు అతను ఆగిపోయాడు. అద్దాల బీరువాలో చిన్న చిన్న సీసాలు. లోపలికెళ్ళి వాటిలో ఒకటి కాదు, ఉన్నవన్నీ కొన్నాడు. నర్సమ్మ కంగారుపడి సీసా అందుకుని చదివింది. ఆలివ్ నూనె. మాకు అది చంటిపిల్లల ఒంటికి రాసే నూనె.

"పెళ్ళయిందా ఈయనకి?" అని నా చెవిలో అడిగింది.

అక్కడ బస్సెక్కి బార్కస్‌లో దిగాం. నేను తీసుకెళ్ళింది హోటల్‌కి కాదు. మా బాపు ఏళ్ళ తరబడి పాలు పోసిన ఒక పెద్దమనిషి ఇంటికి. ముందు రోజే బాపుతో కబురు చేశాను. ఆయన అప్పటికే డెబ్బై దాటినవాడు. చారల లుంగీ, వెడల్పాటి తోలు బెల్టు, మెహందీ పెట్టిన గడ్డం. వాళ్ళ తాత యెమన్ నుంచి ఓడెక్కి వచ్చి నిజాం ఫౌజులో చేరాడు. ఈయన మాత్రం పుట్టింది బార్కస్‌లోనే. ఎప్పుడూ అరబ్బు దేశం చూడలేదు. నాతో ఉర్దూలోనే మాట్లాడేవాడు. నాకు మాత్రం ఆయన మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

జామచెట్టు నీడలో చాప పరిచి ఉంది. ఇంజనీరును చూడగానే ఆయన చేతులు చాచి అరబ్బీలో పెద్ద స్వాగతం చెప్పాడు. అంతవరకు నలిగిన చొక్కాలా ఉన్న ఇంజనీరు ఒక్కసారి నిటారుగా అయ్యాడు. అతనూ అరబ్బీలో గలగలా ఏదో అన్నాడు. ఆఫీసర్ కళ్ళు చెమర్చాయి. "చూడమ్మా, సొంత భాష!" అన్నాడు నాతో.

సొంత భాష ఎంతోసేపు సాగలేదు. పలకరింపులు అయ్యాయి. తర్వాత పెద్దాయన ఏదో అడిగాడు, ఇంజనీరుకు అర్థం కాలేదు. ఇంజనీరు మళ్ళీ ఏదో అన్నాడు, పెద్దాయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. పెద్దాయన అరబ్బీ ఆయన తాత ఓడలో తెచ్చుకున్నది. మూడు తరాలుగా దక్కనీ ఉర్దూలో నానింది. అతనిది హలబ్ వీధుల్లోది. 'ఇప్పుడు' అనే మాట కూడా ఇద్దరికీ కలవలేదు. కాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు.

అలా, ఇద్దరు అరబ్బుల మధ్య గౌలిపుర పాలవాళ్ళ పిల్ల దుబాసీ అయింది. పెద్దాయన ఉర్దూలో అంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. అతను ఇంగ్లీషులో అంటే నేను ఉర్దూలో చెప్పాను. నా ఇంగ్లీషు టైపు కొట్టి నేర్చుకున్నది. "మీ తండ్రిగారు క్షేమమా అని అడుగుతున్నారు" అనడానికి బదులు "మీ తండ్రిగారి క్షేమమునకు సంబంధించి దయచేసి తెలియజేయగలరు" అన్నట్టు వచ్చేది. అయినా పని జరిగింది.

ఈలోగా లోపలి నుంచి పెద్ద పళ్ళెం వచ్చింది. హరీస్. గోధుమలూ మాంసమూ పొద్దుటి నుంచి ఉడికించి, రెండూ వేరు తెలియకుండా మెదిపిన జావ. పైన నెయ్యి, నెయ్యి మీద పంచదార. కారం లేదు. ఇంజనీరు వేళ్ళతో కొద్దిగా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. నర్సమ్మ సంచిలో మందుబిళ్ళలు తడుముకుంది.

"ఇది మా నాయనమ్మ చేసేది" అన్నాడు అతను.

నేను ఉర్దూలో చెప్పాను. పెద్దాయన గర్వంగా గడ్డం దువ్వుకున్నాడు. "అరబ్బు ఖానా అరబ్బుకు తెల్వదా మరి! అడుగు బేటీ, వాళ్ళింట్ల పండుగకు చేస్తరా?"

"పండక్కి" అన్నాడు అతను. ఇంకేదో చెప్పబోయి ఆగి, మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ఆ నెల రోజుల్లో అతను కడుపు నిండా తినగా చూడటం అదే మొదలు. ఆఫీసర్ శాకాహారి. తినకుండానే, తన చేత్తో వండి పెట్టినంత తృప్తిగా చూస్తూ కూర్చున్నాడు.

పళ్ళెం ఖాళీ అవుతుండగా మసీదు నుంచి అజాన్ వినిపించింది. పెద్దాయన లేచి చేతులు కడుక్కుని, ఇంజనీరు భుజం తట్టి, "పద బేటా, నమాజ్ చదివి వద్దాం" అన్నాడు. ఈ మాటకు దుబాసీ అక్కర్లేదు. అయినా అతను నా వైపే చూశాడు. తర్వాత ఆఫీసర్ వైపు చూశాడు.

"నేను క్రైస్తవుణ్ణి" అన్నాడు.

ఆఫీసర్ ఫ్లాస్కు మూత తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు. "మరి... బాణం గుర్తు?" అన్నాడు.

"గది చూపించిన రోజు మీరు అంత సంతోషంగా ఆ గుర్తు చూపించారు. కాదని చెప్పడానికి మనసు రాలేదు. శుక్రవారాలు కూడా అంతే. గదిలో నిద్రపోయేవాణ్ణి."

నర్సమ్మ ముఖం వెలిగిపోయింది. "సిరియన్ క్రిస్టియనా! నాకు ముందే తెలిసుంటే! అంటే మీది కేరళే కదా?"

"కేరళ అంటే ఏమిటి?" అన్నాడు అతను.

ఆమె వివరించింది. కేరళలో సిరియన్ క్రైస్తవులని లక్షలమంది ఉన్నారని, తనతో నర్సింగు చదివిన అమ్మాయిల్లో సగం మంది వాళ్ళేనని. అతను నోరు తెరుచుకుని విన్నాడు. "ఈ దేశంలో సిరియన్లు లక్షలమంది ఉన్నారా?" అన్నాడు. ఆఫీసర్ తలకు చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో, మనం కేరళ తీసుకెళ్ళాల్సిందమ్మా" అన్నాడు నాతో.

పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు. "ఏందట లొల్లి? ఏమంటుండు?" అని నన్ను అడిగాడు. పొద్దున అత్తరు సందులో ఆ పెళ్ళిళ్ళ బ్రోకరు మాటను మార్చి చెప్పినంత తేలిక కాదు ఇది. ఎదురుగా ఉన్నది నేను చిన్నప్పటి నుంచి 'బాబా' అని పిలిచే మనిషి. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన కాసేపు ఇంజనీరును తేరిపారా చూశాడు. "అరబ్బీ మాట్లాడుతడు, హరీస్ తింటడు, నమాజ్ మాత్రం చదవడు" అన్నాడు. "మరి ఈ హరీస్ ఏ పండుగకు చేస్తదట నాయనమ్మ?"

"చర్చిలో మేరీమాత పండక్కి" అన్నాడు అతను. "పెద్ద గుండిగల్లో వండి ఊరందరికీ పంచుతారు. కానీ పంచదార వెయ్యరు. జీలకర్ర, దాల్చినచెక్క."

నేను చెప్పాను. అంతవరకు శాంతంగా ఉన్న పెద్దాయనకు అప్పుడు కోపం వచ్చింది.

"జీలకర్రనా? హరీస్‌ల? మేం అసల్ అరబ్బులం, మా తాతల కాలంకెల్లి శక్కర్ వేస్తం. చెప్పు వానికి."

"ఇది మీరు ఇక్కడికొచ్చాక నేర్చుకుని ఉంటారు" అన్నాడు ఇంజనీరు, అతనూ తగ్గలేదు.

మతం సంగతి అక్కడితో ముగిసింది, మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పంచదార సంగతి మాత్రం ఆయన మసీదుకు వెళ్ళొచ్చి కహ్వా అని వాళ్ళు తాగే అల్లం కాఫీ పోయించే దాకా సాగింది. లేచేటప్పుడు పెద్దాయన, "శుక్రవారం ఛుట్టీ ఉంటది గద, రమ్మను. శక్కర్ లేకుంట కొంచెం పక్కకు తీసి పెడత" అన్నాడు. ఆ తర్వాతి శుక్రవారాలు అతను గదిలో నిద్రపోలేదు.

తిరుగు దారిలో గౌలిపురలో దిగాం. ఇంతదూరం వచ్చి ఇంటికి రాకపోతే అమ్మ ఊరుకోదు. ఇంజనీరు మా గడపలో కూర్చుని, అమ్మ ముంతలో ఇచ్చిన గేదె పెరుగు చూసి, దీన్ని కొంచెం కట్టుకోవచ్చా అని అడిగాడు. పల్చటి బట్ట తెప్పించి, పెరుగు మూటగట్టి, వసారాలో లాంతరు తగిలించే కొక్కేనికి వేలాడదీశాడు. నీళ్ళు చుక్క చుక్క కారుతున్నాయి.

"ఏందే ఇది? బంగారమసొంటి పెరుగును ఉరి తీసిండు" అంది అమ్మ.

గంట తర్వాత మూట విప్పి, గట్టిపడిన పెరుగును పళ్ళెంలో పరిచి, చెంచాతో మధ్యలో గుంట చేసి, మందుల దుకాణం సీసా తీసి ఆ నూనె పోశాడు. పైన పుదీనా చల్లాడు. జొన్నరొట్టె ముక్కతో తీసుకుని తిన్నాడు. అమ్మకు కూడా ఒక ముక్క ఇచ్చాడు. అమ్మ ఆ నూనెను వాసన చూసి, నా చిన్నప్పటి స్నానాలు గుర్తొచ్చాయేమో, ముఖం అదోలా పెట్టి తింది.

"ఉప్పు లేదు, కారం లేదు. గిట్ల తింటే ఎట్ల బతుకుతరు బిడ్డా?" అని పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. చుయ్యిమని శబ్దం వచ్చింది. ఎండుమిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి పోపు వేసి తెచ్చి పెట్టింది. ఇంజనీరు ఆమె కోసం ఒక ముద్ద తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆఫీసర్ మాత్రం రొట్టె మీద రొట్టె వేసుకుని తిన్నాడు. పొద్దుటి నుంచి ఆయన కడుపులో పడింది అదే.

"అద్భుతం! ఇదమ్మా అసలైన సిరియా వంట!" అన్నాడు. ఇంజనీరు నీళ్ళు తాగుతూ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

తర్వాతి ఆదివారం నర్సమ్మ అతన్ని తమ చర్చికి పట్టుకుపోయింది, దుబాసీగా నన్నూ రమ్మంది. సిరియా అనగానే పాస్టరుగారు పులకించిపోయారు. బైబిల్లో ఉన్న దమస్కు ఆ దేశంలోదే. "దమస్కు నుంచి మన మధ్యకు వచ్చిన సహోదరుడు" అని పరిచయం చేసి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ఇంజనీరు లేచి, తన ఊరు హలబ్ అని, దమస్కుకు పాస్‌పోర్టు పని మీద మాత్రమే వెళ్ళానని, అక్కడ ఆఫీసు ముందు చాలాసేపు ఎండలో నిలబడ్డానని చెప్పాడు. సంఘమంతా నా వైపు చూసింది. ముందు వరసలో ఒక ముసలామె అప్పటికే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"దమస్కు వీధులల్ల తిరిగిననని, ఎండకు ఓర్చుకొని నిలబడ్డనని చెప్తుండు" అన్నాను.

"స్తోత్రం!" అంది సంఘమంతా.

ఎండాకాలం మొదట్లో శిక్షణ ముగిసి అతను వెళ్ళిపోయాడు. ఆఫీసర్ గెస్ట్‌హౌస్ గోడకు సున్నం వేయించాడు. మరుసటి ఏడాది టాంజానియా నుంచి ఇద్దరు శిక్షణకు వస్తున్నారని తెలిసి, నన్ను పిలిచి, బార్కస్‌లో వాళ్ళ తిండి కూడా దొరుకుతుందేమో కనుక్కోమన్నాడు.

అతను వెళ్ళిన సంగతి చెప్పడానికి ఒక రోజు బాపుతో బార్కస్ వెళ్ళాను. పెద్దాయన జామచెట్టు కింద చాప దులిపి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"అరబ్బీ సరిగ్గ రాదు వానికి" అన్నాడు. "గాని మంచి పిలగాడు. వాళ్ళూరి ముచ్చట ఏమన్న చెప్పిండా నీకు?"

"ఊరి నడుమ గుట్ట మీద కోట ఉందంట బాబా."

"గోల్కొండ అంతనా?"

"ఇంకా పెద్దదన్నడు."

"ఝూట్" అన్నాడు ఆయన వెంటనే.

"నువ్వు చూసినవా గోల్కొండ?" అని బాపు అడిగాడు.

పెద్దాయన గడ్డం దువ్వుకున్నాడు. "ఈడనే ఉన్న గద. ఎప్పుడన్న చూడొచ్చనుకున్న."

ఆ వారంలోనే ఆయనా బాపూ బస్సెక్కి గోల్కొండ వెళ్ళారు. పెద్దాయన మోకాళ్ళు సహకరించక ఇద్దరూ కింది దర్వాజా దగ్గరే కూర్చుండిపోయారు, జామపళ్ళు తిని, సాయంత్రానికి తిరిగొచ్చారు. మర్నాడు పాలు పొయ్యడానికి వెళ్ళిన బాపుతో పెద్దాయన నాకు కబురు పంపాడు. కోట మొత్తం తాను స్వయంగా చూశాడట, హలబ్‌ది దీనికన్నా పెద్దదయ్యే ప్రసక్తే లేదట.